పొయ్యి బయట పెట్టని ఇల్లు

నల్లకోటు తీసి పెట్టెలో పెట్టాను. గొంతులో గడ్డ తీసిన డాక్టరు ఇక గట్టిగా మాట్లాడొద్దన్నాడు. గట్టిగా మాట్లాడని వకీలును ఎవరు పెట్టుకుంటారు? యాభై దాటగానే ఇట్లా ఇంట్లో కూర్చోవలసి వస్తుందని నేనైతే అనుకోలేదు. కోర్టు ఆవరణలో ఇప్పుడు కొంచెం శాంతిగా ఉందని కొందరు మిత్రులు అన్నారట. వాళ్ల శాంతి చెడగొట్టడానికే ఇది రాస్తున్నాను. గొంతు పోయింది గాని చెయ్యి బాగానే ఉంది.

కొత్తగా పట్టా పుచ్చుకున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. భూమి కేసు ఎట్లా నడపాలె, ఖూనీ కేసులో సాక్షిని ఎట్లా తిప్పాలె అని అడుగుతారు. కిరాయి కేసుల సంగతి ఎత్తితే మొహం పక్కకు తిప్పుకుంటారు. "గవి గుమస్తాలు చూసుకుంటరు గదక్కా" అన్నాడు మొన్న ఒకాయన, నా చాయ్ తాగుకుంట. ఆయన ఉండేది కిరాయి ఇంట్లోనే. ఇంటాయన రాత్రి లైటు ఆర్పుమంటే నోరు మూసుకొని ఆర్పుతాడు. తెల్లారి కోర్టుకు వచ్చి రాజ్యాంగం గురించి మాట్లాడతాడు.

ఎన్ని కేసులు గెలిచానో, ఏ జడ్జి మెచ్చుకున్నాడో రాయను. జనగామ రైలు గేటు అవతల ఒక వరుస గదుల గురించి రాస్తాను. అందులో సమ్మక్క అనే హమాలీ భార్య ఉన్న ఒక్క గది గురించి రాస్తాను. ఆ గది ఆమెకు ఉంటదా పోతదా అన్న ప్రశ్న వెంట తిరిగి నేను నేర్చుకున్నంత, లా కాలేజీలో నేర్చుకోలేదు.

ఇంటి కేసులు ఆడమనిషికి

మాది జఫర్‌గఢ్ పక్కన ఒక పల్లె. భూమి ఉన్న ఇల్లు. అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చినప్పుడు నేను హైదరాబాదులో లా చదువుతున్నాను. నేనూ రోడ్డు మీదికే వచ్చాను. కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు వెనక్కి పోయాయి, హాస్టలు ఖాళీ చేయమన్నారు. ఎట్లాగో పరీక్షలు రాసి, పట్టా తెచ్చుకొని, పెట్టె పట్టుకొని జనగామ స్టేషన్లో దిగాను. ఇంట్లో వాళ్లు పెండ్లి చేస్తామన్నారు. నేను ప్రాక్టీసు చేస్తానన్నాను. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

కిషన్‌రావు సాబ్ అని పెద్ద వకీలు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లోనూ గద్దించగల మనిషి. నన్ను జూనియరుగా తీసుకొని కిటికీ పక్కన కుర్చీ వేయించాడు. "ఖూనీ కేసులు నీకెందుకమ్మా. ఇంటి కేసులు చూడు. ఇల్లంటే ఆడోళ్లదే గద" అన్నాడు. దయతోనే అన్నాడు. ఆ దయ వల్లే ఆయనకు తర్వాత చాలా నష్టం జరిగింది.

అప్పుడు మున్సిఫ్ గారే రెంట్ కంట్రోలరు. ఆయన కోస్తా నుంచి వచ్చినాయన. మొదటిసారి నిలబడి "కిరాయి" అన్నాను. ఆయన నవ్వి, "అద్దె అనండి. కిరాయి అంటే గుర్రబ్బండికి ఇచ్చేది కదమ్మా" అన్నాడు. కోర్టు హాలులో ఉన్నవాళ్లు నవ్వారు. రోడ్ల మీద తిన్న లాఠీ దెబ్బలు ఇంకా మానని కాలం అది.

"గుర్రబ్బండికైనా ఇంటికైనా మా దగ్గర కిరాయే సార్" అన్నాను. "వసూలు చేసేటోళ్ల పద్ధతి గూడ ఒక్కటే."

ఆయన కళ్లజోడు సర్దుకొని, "సరే, మీ కిరాయి సంగతి చెప్పండి" అన్నాడు. చెడ్డవాడు కాదు. వినేవాడు. కొత్త పిల్లలకు ఇక్కడ ఒక మాట. జడ్జి నవ్వితే కుంగిపోకండి. నవ్విన మనిషి చెవులు తెరిచి ఉంటాయి. ఆవులించే జడ్జితోనే కష్టం.

నేనూ ఎప్పుడూ కిరాయి ఇంట్లోనే బతికాను. ఒంటరి ఆడమనిషికి ఇల్లు ఇవ్వడానికి జనగామలో ఒక్కరూ ముందుకు రాలేదు. "మీ ఆయన ఏం చేస్తడు?" అని ఒకామె, "ఎవరెవరు వస్తరు మీ ఇంటికి?" అని ఇంకొకామె. చివరికి ఇచ్చినాయన, ప్రతి ఆదివారం తన దస్తావేజులు చదివిపెట్టాలన్నాడు. దానికి ఫీజు లేదు. కిరాయి మాత్రం ఉంది. నాకు అప్పుడు అర్థం కాలేదు గాని, గేటవతల ఆడవాళ్లకూ నాకూ తేడా అంతే. వాళ్లు వాకిలి ఊడ్చేవారు, నేను దస్తావేజులు చదివేదాన్ని.

గెలిచి చెడిన కేసు

గేటవతల వాడలో ఉండేది స్టేషన్ హమాలీలు, బియ్యం మిల్లులో పనిచేసే ఆడవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు. ఒక వరుస గదులు, ముందర ఒకటే వాకిలి, చివర ఒకటే బావి. గదులన్నీ జఫర్‌గఢ్ మల్లారెడ్డి పటేలువి. ఆయన కొడుకులు చదువుకోవడానికి జనగామలో ఒక ఇల్లు కట్టాడు, మిగిలిన జాగలో ఈ గదులు వేశాడు.

ఒకసారి పటేలు కిరాయి పెంచాడని ఆ వరుస ఆడవాళ్లంతా మా ఆఫీసుకు వచ్చారు. ముందర నిలబడి మాట్లాడింది సమ్మక్క. మిల్లులో నూకలు చెరిగే మనిషి, నాకంటే పదిహేనేండ్లు పెద్దది. కూర్చోమంటే కూర్చోలేదు.

"కూసుంటె మాట మెత్తగైతది బిడ్డా. నిలవడే చెప్త" అంది.

నేను ఉత్సాహంగా నోటీసు ఇచ్చాను. పటేలు కోర్టు దాకా రాకుండానే పెంచింది తగ్గించాడు. ఆడవాళ్లు సంబురపడ్డారు. నేనూ సంబురపడ్డాను. కిషన్‌రావు సాబ్ చాయ్ తెప్పించాడు.

ఒక నెల తిరగకుండానే సమ్మక్క మళ్లీ వచ్చింది.

"ఏంది సమ్మక్కా, మళ్ల పెంచిండా?"

"లేదు బిడ్డా. కిరాయి గంతే ఉన్నది. వంతు పెరిగింది."

"వంతు ఏంది?"

ఆమె నా మొహం వంక చూసింది. భూమి ఉన్న ఇంటి బిడ్డవు, వంతు అంటే ఏందో తెలియదా అన్నట్టు. ఆ వరుసలో ఉన్న ఆడవాళ్లు వంతుల వారీగా పటేలు కొడుకుల ఇంటికి పోవాలి. వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లాలి, నీళ్లు తోడి పోయాలి. మిరపకాయల కాలంలో కారం దంచాలి. జఫర్‌గఢ్‌లో పండుగ వస్తే బండెక్కి అక్కడికీ పోవాలి. అదంతా కిరాయి కిందికి రాదు. "మన మనుషులు" అన్న మాట కిందికి వస్తుంది. నోటీసు అందాక పటేలు రూపాయలు తగ్గించి, వంతు తొందర తొందరగా తిరిగేటట్టు చేశాడు. కాగితం మీద నేను గెలిచాను. సమ్మక్క మిల్లుకు ఆలస్యంగా పోయి మేస్త్రీతో తిట్లు తింటోంది.

అప్పటి నుంచి కిరాయిదారు ఎవరు వచ్చినా నా మొదటి ప్రశ్న ఎంత కిరాయి అని కాదు. పొద్దున లేవంగనే ఎవరి వాకిలి ఊడుస్తవు అని. మొగవాళ్లను అడిగితే ఏమీ లేదంటారు. వాళ్లకు తెలియదు, లేదా చెప్పుకోవడానికి నామోషీ. ఆడవాళ్లను విడిగా అడగండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పేదవాళ్ల వాడలో కిరాయి తక్కువ అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. పెద్ద ఆఫీసర్లు ఉండే బంగళా కిరాయిని దాని జాగ మీద పంచి చూడండి. కాళ్లు చాపితే గోడ తగిలే ఆ గది కిరాయిని కూడా అట్లాగే పంచండి. జానెడు జాగకు హమాలీ ఇచ్చేంత ఆఫీసరు ఇవ్వడు. బంగళాకు పైకప్పు కారితే ఇంటాయన పరుగెత్తుకొస్తాడు. గేటవతల కారితే గిన్నె పెట్టుకోమంటాడు. ఇది అన్యాయమని చెప్పడానికి సెక్షన్ అవసరం లేదు.

తాళం రోజు

ఆ వరుసలో ఏడాదికి ఒకసారి తాళం రోజు ఉంటుంది. ఆ రోజు పొద్దున పటేలు గుమస్తా లింగయ్య వస్తాడు. అందరూ సామాను వాకిట్లో పెట్టుకోవాలి. కుండలు, మంచాలు, బట్టల మూటలు, చివరికి పొయ్యి రాళ్లు కూడా తీసి బయట పెట్టాలి. లింగయ్య గదులకు తాళం వేసుకొని పోతాడు. ఆ పూట వండుకునేది వాకిట్లోనే, రాత్రి పండుకునేది వాకిట్లోనే. తెల్లారి లింగయ్య వచ్చి తాళం తీస్తాడు. కొత్తగా చేరినట్టు లోపలికి పోతారు. కొత్త కిరాయి చెప్తాడు.

వాళ్లు దాన్ని ఒక ఆచారం లాగా పాటించేవాళ్లు. గోడలకు సున్నం వేయడానికి అనుకునేవాళ్లు కొందరు. పాత పొయ్యి తీసి కొత్తగా పెట్టుకుంటే ఇంటికి మంచిదని సమ్మక్క పెనిమిటి నాతోనే అన్నాడు. సున్నం ఏ ఏడూ వేసింది లేదు.

సంగతి ఏమిటంటే, పాత కిరాయిదారుకు ఇష్టమొచ్చినట్టు పెంచడానికి చట్టం ఒప్పుకోదు. ఇల్లు వదిలిపెట్టి పోయి మళ్లీ వచ్చినవాడైతే కొత్త కిరాయిదారు. కొత్తవాడితో కొత్త ఒప్పందం. పొయ్యి రాళ్లు గడప దాటితే కిరాయిదారు పాత హక్కు కూడా గడప దాటుతుంది.

ఇంత తెలివి పటేలుకు ఎక్కడిది అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం మా ఆఫీసులోనే తెలిసింది. ఇంకో ఇండ్ల ఆసామి వస్తే కిషన్‌రావు సాబ్ తాపీగా వక్క నములుతూ చెప్తున్నాడు. "ఏడాదికొక్క నాడు పొయ్యి బయట పెట్టియ్యి. పొయ్యి మాత్రం మరవకు. మంచం బయట పెడితె పండుకునేటందుకు అంటరు. పొయ్యి బయట పెడితె ఇల్లు ఖాళీ చేసినట్టే. మల్లారెడ్డి పటేలును అడుగు, ఎంత సుఖంగున్నడో."

ఆసామి పోయాక అడిగాను. "సార్, గా ఉపాయం మీరు చెప్పిందా?"

"నేను అబద్ధం చెప్పుమన్ననా? బయట పెట్టుమన్న. వాళ్లు బయట పెడుతున్నరు. అంత నిజమే గద."

"నిజమే సార్. నా కుర్చీ గూడ నేను బయట పెట్టుకుంట."

పెట్టుకున్నాను. కోర్టు ముందర రేకుల షెడ్డు కింద బల్ల వేసుకున్నాను. చాలా రోజులు ఒక్క కక్షిదారూ రాలేదు. అయినా ఆయన నాకు శత్రువని రాయను. సాక్షిని ప్రశ్నించడం నాకు నేర్పింది ఆయనే. జవాబు తెలియని ప్రశ్న అడగొద్దని రోజూ చెప్పేవాడు. ఆ ఒక్క మాట తప్ప ఆయన చెప్పినవన్నీ పాటించాను.

బాలింత ఉన్న గది

సమ్మక్క కోడలు రాజమ్మకు తల్లి లేదు. అందుకని తొలికాన్పు అత్తగారింట్లోనే అయింది. ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రెండో రోజే తాళం రోజు.

లింగయ్య తాళాల సంచి పట్టుకొని వచ్చాడు. వరుసలో అందరూ సామాను బయట పెట్టారు. సమ్మక్క గది ముందర మాత్రం చీపురు పుల్ల కూడా లేదు. ఆనాటి మాటలు నాకు ఆ వరుసలో ముగ్గురు చెప్పారు. ముగ్గురూ ఒకటే తీరుగా చెప్పారు.

"ఏంది సమ్మక్కా, సామాను తియ్యవా?"

"బాలింత ఉన్నది. తియ్య."

"బాలింతను ఉండనియ్యి, నేనేమన్న రాక్షసున్నా? పొయ్యొక్కటి బయట పెట్టు."

"పొయ్యి బయట పెడితె బాలింతకు వేన్నీళ్లెవలు కాస్తరు? నువ్వు కాస్తవా లింగయ్యా? కాసి స్నానం గూడ పోస్తవా?"

వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. లింగయ్య సమ్మక్క గది విడిచి మిగతా తాళాలు వేసి పోయాడు. మరునాడు వచ్చి అందరితో పాటు సమ్మక్కకూ కొత్త కిరాయి చెప్పాడు.

"నేను బయటికే పోలే. నాకు కొత్త కిరాయి ఎట్లైతది?" అంది సమ్మక్క. ఈసారి వంతుకు కూడా పోలేదు.

చట్టం ఏమిటో ఆమెకు అప్పుడు తెలియదు. నేను చెప్పలేదు. బయటికి పోనివాళ్లు లోపలికి కొత్తగా రారు అన్న తర్కం ఆమెదే. పాత కిరాయి ఇస్తే లింగయ్య తీసుకోలేదు. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. మనియార్డరు చేయించాను, అది కూడా తిరిగొచ్చింది. పటేలు కోర్టుకు పోయాడు. సమ్మక్క అందరి లాగే తాళం రోజు ఖాళీ చేసి మళ్లీ చేరిందని, ఒప్పుకున్న కొత్త కిరాయి ఇవ్వడం లేదని, వెళ్లగొట్టాలని. ఆయన తరఫున కిషన్‌రావు సాబ్. పసిపిల్లను ఎత్తుకొని ఆ కుటుంబం రోడ్డున పడుతుందా, ఆ గదిలోనే ఉంటుందా అన్నది ఇప్పుడు ఒక్క విషయం మీద ఆధారపడింది. ఆ రాత్రి వాళ్లు లోపల ఉన్నారా, బయట ఉన్నారా?

లింగయ్య బోనెక్కి, బయటే ఉన్నారని ప్రమాణం చేసి చెప్పాడు. వరుసలో వాళ్లను సాక్ష్యానికి రమ్మంటే తలలు వంచుకున్నారు. వాళ్ల తప్పు లేదు. సాక్ష్యం చెప్పి ఏ గదికి పోతారు?

పటేలు బోనెక్కిన రోజు

పటేలు తెల్లటి ధోవతిలో, భుజం మీద కండువాతో వచ్చాడు. వెంట జఫర్‌గఢ్ నుంచి నలుగురైదుగురు పెద్దమనుషులు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. నన్ను చూసి, "బాగున్నవా బిడ్డా? బాపు బాగున్నడా?" అని అడిగాడు. బాగున్నాడని చెప్పాను. మన ప్రాంతంలో మనం కేసులు ఇట్లాగే నడుపుకుంటాం.

నన్ను చూసి నవ్విన మున్సిఫ్ గారు బదిలీ అయి అప్పటికి చాలా ఏండ్లయింది, ఆయన కుర్చీలో ఇంకొకాయన. నేను లేచాను. తాళం గురించి, కిరాయి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

"పటేలా, మీ గదులల్ల ఉండేటోళ్ల ఇంట్ల పురుడొస్తే మీకు తెలుస్తదా?"

"ఎందుకు తెల్వది? మా ఇంటామె కాయం పంపుతది. మా అమ్మ నాటి నుంచి ఉన్నది గా పద్ధతి."

కాయం అంటే శొంఠి, మిరియాలు, వాము దంచి, బెల్లం, నెయ్యి కలిపి బాలింతకు పెట్టే ముద్ద. మా వైపు భూమి ఉన్న ఇండ్లలో తమ కింద బతికే వాళ్ల ఇంట్లో కాన్పు అయితే కాయం పంపుతారు. మా అమ్మ కూడా పంపేది. అది పంపలేదంటే ఆ ఇంటి ఇల్లాలికి మాట వస్తుంది.

"సమ్మక్క కోడలికి గూడ పంపిండ్రా?"

కిషన్‌రావు సాబ్ లేచాడు. "కాయానికీ కేసుకూ ఏం సంబంధం సార్?"

"జవాబు వచ్చినంక సంబంధం చెప్త సార్" అన్నాను.

మున్సిఫ్ కానివ్వమన్నాడు.

"పంపకుంట ఎట్లుంటం?" అన్నాడు పటేలు.

"ఎన్నడు పంపిండ్రు?"

పటేలు ఆగాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. కాయం పంపిన సంగతి నాకు సమ్మక్క చెప్పింది. ఆమె మాట ఒక్కదాని మీద కోర్టు నిలబడదు. పటేలు యాదికి లేదంటే చాలు, కేసు పోయినట్టే. ఆయన ఏమంటాడో నాకు నిజంగా తెలియదు. నాకు తెలిసింది ఆయన ఇల్లు, ఆయన ఇంటామె, వెనక బెంచీ మీద కూర్చున్న ఊరు.

కిషన్‌రావు సాబ్ మెల్లగా, "యాదికి లేకపోతె లేదని చెప్పొచ్చు పటేలా" అన్నాడు.

"ఊకోండ్రి సాబ్" అన్నాడు పటేలు. "మా ఇంటామె చేతితోని దంచి పంపింది. పంపలేదని చెప్పుమంటరా? తాళం నాడే పంపింది. పొద్దుగూకంగ అందింది."

"ఏడ అందింది పటేలా? వాకిట్లనా?"

ఆయనకు కోపం వచ్చింది. "వాకిట్లెందుకు? బాలింత ఇంట్ల గాక ఏడుంటది? మా గదిల ఉన్న పచ్చి బాలింతను మేము బయట పండవెడ్తమా? ఏమనుకుంటున్నవ్ బిడ్డా మమ్ముల?"

"ఏమనుకుంటలేను. ఇగ ప్రశ్నలు లేవు సార్."

కిషన్‌రావు సాబ్ కూర్చున్నాడు. ఫైలు మూసి దారం కట్టుకున్నాడు. ఆయన జీవితంలో ఓడిన కేసులు ఉన్నాయి గాని, తన కక్షిదారే తనను కూర్చోబెట్టిన కేసు అదొక్కటే అనుకుంటాను.

బయట వేపచెట్టు కింద పటేలు నా దగ్గరికి వచ్చాడు. "మనోళ్ల బిడ్డవై మా ఇంటి కాయంతోనే కొడ్తివి."

"నేను అడిగిన. మీరు చెప్పిండ్రు."

"చెప్పకపోతె ఇంటికి పోయినంక నాకు అన్నం పెట్టదు గద ఆమె" అని కండువా దులుపుకొని పోయాడు.

ఆయన మంచివాడని రాయమని కొందరు అడుగుతారు. రాయను. కాయం పంపిన ఇల్లే ఏడాదికోసారి వరుస వరుసనంతా వాకిట్లో పండబెట్టింది. తల్లి నాటి నుంచి వచ్చిన మర్యాద ఒకవైపు, వకీలు నేర్పిన ఉపాయం ఇంకోవైపు. రెండూ ఒకే మనిషిలో హాయిగా ఉంటాయి. మీ పని, ఆ రెండింటినీ ఒకే రోజు ఒకే బోనులో ఎదురెదురుగా నిలబెట్టడం. అబద్ధం చెప్పడానికి ఎదుటి మనిషి ఎక్కడ సిగ్గుపడతాడో తెలుసుకోండి. అది చట్టం పుస్తకంలో ఉండదు. వాళ్ల వాకిట్లో ఉంటుంది.

గెలిచాక

సమ్మక్క పాత కిరాయిదారే అని, పాత కిరాయే చెల్లుతుందని ఉత్తరువు వచ్చింది. వంతు పని కూడా కిరాయిలో భాగమని నేను వాదించాను. "ఊడ్చినది కూడా లెక్కలోకి వస్తుందా?" అని మున్సిఫ్ ఆశ్చర్యపోయాడు. ఆయన ఉత్తరువులో దాని ప్రస్తావన లేదు. ఇప్పటికీ ఏ ఉత్తరువులోనూ లేదు. కానీ సమ్మక్క మళ్లీ ఊడవడానికి పోలేదు. కోర్టు రాయకపోయినా చీపురు ఆమె చేతిలోది కదా.

మిగతా గదుల సంగతి? మరుసటి ఏడు వాళ్లంతా మామూలుగానే సామాను బయట పెట్టారు. నాకు కోపం వచ్చింది, అరిచాను కూడా. భయం అనేది ఒక్క తీర్పుతో పోదని తెలియడానికి నాకు ఇంకొన్నేండ్లు పట్టింది. ఊర్లో ఇండ్ల ఆసాములు మాత్రం తొందరగా నేర్చుకున్నారు. గది అడగడానికి వస్తే, "ఇంట్ల నీళ్లోసుకున్నోళ్లు ఎవలన్న ఉన్నరా?" అని అడగడం మొదలుపెట్టారు. కడుపుతో ఉన్న కోడలుంటే గది లేదు. అదీ నా గెలుపుకు వచ్చిన ఫలం. ఇది దాచి, గెలిచిన కథ ఒక్కటే చెప్పే వకీళ్లను నమ్మకండి.

మహబూబాబాద్‌లో ఇంకో పాఠం. అక్కడ స్టేషన్లో మూటలు మోసే లంబాడీ కుటుంబాలు తండాల నుంచి వచ్చి, తమ గుడిసె తామే వేసుకొని, ఆ నేలకు కిరాయి కట్టేవి. ఇల్లు వాళ్లది, నేల ఇంకొకరిది. కేసు వేద్దామని పోతే, మన కిరాయి చట్టం మున్సిపాలిటీ హద్దు దాకానే అని గుర్తొచ్చింది. అప్పుడు అది పంచాయతీ. కిరాయి మాత్రం హద్దు చూసుకోదు.

బొగ్గు పొయ్యిలు

కోటు తీసేసిన ఏడాది భూపాలపల్లి నుంచి కబురు వచ్చింది. సమ్మక్క కొడుక్కు బొగ్గు గనిలో పని దొరికింది. పెనిమిటి పోయాక సమ్మక్క కూడా జనగామ గది విడిచి కొడుకు దగ్గరికే పోయింది. ఆనాడు పుట్టిన పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. క్వార్టరు రావడానికి ఇంకా టైము ఉంది. అందాక కిరాయి గది.

గని కొత్తగా తెరిచిన ఊర్లో కిరాయిలు ఎట్లా ఉంటాయో చూడాలంటే అప్పటి భూపాలపల్లి చూడాలి. బర్రెల కొట్టాలకు తడికలు కట్టి మనుషులకు ఇచ్చారు. ఒకే మంచం షిఫ్టుల వారీగా ముగ్గురికి కిరాయి. ఒకడు లేచి పోతే ఇంకొకడు వచ్చి ఆ వెచ్చటి మంచం మీదే పండుకుంటాడు. సమ్మక్క వాళ్ల వరుస కట్టింది మొగుళ్లపల్లి రైతు ఐలయ్య. ఎడ్లు అమ్మి, అప్పు తెచ్చి కట్టాడు. వర్షం వస్తే లోపలా బయటా తేడా లేని గదికి, హనుమకొండలో లెక్చరరు ఇచ్చేంత కిరాయి. ఆయనకు ఎవరో తాళం రోజు సంగతి చెప్పారు. మంచి ఉపాయం బస్సెక్కి ఎంత దూరమైనా పోతుంది.

తాళం రోజుకు ముందు నాడు నేను దిగాను. వరుసలో ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. నా గొంతు గుసగుస లాగా వస్తుంది, అందుకని రాజమ్మ నా మాట పైకి చెప్తోంది.

"ఇది పంచాయతీ. ఆ సట్టం ఇక్కడ లేదు" అన్నాను. అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వడం నాకు చేతకాదు.

సమ్మక్క ఇప్పుడు ముసలిదయింది. గోడకానుకొని కూర్చుంది.

"జనగామల సట్టం ఉంటె మాత్రం ఏం చేసింది బిడ్డా? నన్ను కాపాడింది పటేలింటి దొరసాని కాయం."

నాకు మండింది. "నేను అడగకపోతె కాయం కోర్టులకు నడిసొచ్చిందా?"

"రాలే. అందుకే నిన్ను పిలిచినం" అంది. "సట్టం కోసం పిలువలే. రేపు మా ఇంట్ల అన్నం తిను."

రాజమ్మ అప్పుడు లేచి నిలబడింది. అత్త లాగానే, కూర్చొని మాట్లాడదు. "నా బిడ్డ పుట్టినప్పుడు మా అత్తొక్కతే పొయ్యి బయట పెట్టలే. అందరు పెట్టిండ్రు. రేపు ఎవలూ పెట్టద్దు. ఐలన్న ఒక్క గదికైతె తాళం ఏస్తడు. మండే పొయ్యి ఉన్న గదులన్నిటికి ఎట్లేస్తడో చూద్దాం."

"కోర్టుకు పోతడేమో" అంది ఒకామె.

"సట్టం లేనికాడ ఆయనకు మాత్రం కోర్టేడున్నది?" అంది రాజమ్మ.

ఇన్నేండ్ల ప్రాక్టీసులో ఆ వాదన నాకు తట్టలేదు. నిజానికి చట్టప్రకారం అది పూర్తిగా సరైన వాదన కూడా కాదు. నేను ఆ సంగతి చెప్పలేదు. గొంతు బాగా లేదు కదా.

పొద్దున ఐలయ్య సైకిలు మీద వచ్చాడు. హ్యాండిలుకు తాళాల సంచి వేలాడుతోంది. వరుస ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి గదిలో బొగ్గు పొయ్యి మండుతోంది. పొగ కండ్లలో పడి ఆయన కండ్లు నులుముకున్నాడు. వాకిట్లో ఒక్క కుండ లేదు. నేను సమ్మక్క గడప మీద కూర్చొని ఉన్నాను.

"ఏంది రాజమ్మా గిది? సామాను తియ్యలేదా?"

"వంట చేస్తున్నం ఐలన్నా."

"తాళం రోజు గద."

"నీకు. మాకు కొత్తగ ఏం లేదు. కిరాయి నిన్నటిదే ఇస్తం. నిన్నటి లెక్కనే ఉంటం."

ఆయన చుట్టూ చూశాడు. ఏ గదిలోంచీ ఎవరూ బయటికి రాలేదు. లోపల నుంచి మూకుడులో పోపు పెట్టిన చప్పుడు వినిపించింది. చివరికి ఆయన కండ్లు నా మీద పడ్డాయి. నేనెవరో ఆయనకు తెలుసు. జనగామ కథ భూపాలపల్లి దాకా వచ్చింది.

"వకీలమ్మా, నేను అప్పు తెచ్చి కట్టిన. మిత్తి కట్టాలె. మీరు చదువుకున్నోళ్లు. ఏ సెక్షన్ కింద గిట్ల చేస్తున్నరు?"

అప్పు తెచ్చినవాడి బాధ అబద్ధం కాదు. ఆ అప్పు వడ్డీ గనిలోకి దిగేవాడి వీపు మీద ఎక్కించడం కూడా అబద్ధం కాదు. ఇవన్నీ చెప్పాలంటే గొంతు చాలదు. ఆయన వినడానికి ముందుకు వంగాడు.

"నేను వకీలుగ రాలే ఐలయ్యా. అన్నం తినడానికి వచ్చిన. ఇంక ఉడుకలే."

రాజమ్మ లోపల నుంచే అంది. "వకీలమ్మకు పెడుతున్న. నువ్వు గూడ తింటవా అన్నా, పోతవా?"

ఐలయ్య హ్యాండిలు మీది సంచి చేతిలోకి తీసుకున్నాడు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత సైకిలు స్టాండు వేసి, తాళాల సంచి సీటుకు తగిలించి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. సమ్మక్క ఆయనకు పీట జరిపింది. తినుకుంట కిరాయి మాట్లాడుకున్నారు. గట్టిగానే మాట్లాడుకున్నారు. కొంచెం పెరిగింది, ఆయన అడిగినంత కాదు. పైకప్పు మీద పెంకులు మార్పిస్తానని ఒప్పుకున్నాడు. వంతు మాట ఎత్తబోతే రాజమ్మ గంటె ఎత్తి చూపించింది.

ఆ వరుసలో తాళం రోజు ఆనాటితో పోయింది. పెంకులు మార్చడానికి మాత్రం రెండు వానకాలాలు పట్టింది.

ఏ సెక్షన్ కింద అని మీరు కూడా అడుగుతారని నాకు తెలుసు. మీకు పుస్తకాలున్నాయి, గొంతులున్నాయి, వెతకండి. మీరు వెతికేదాకా ఆ ఆడవాళ్లు పొయ్యి ఆర్పుకొని కూర్చోరు.